నిన్న ఇచ్చిన మాట, నేటి నిర్ణయం

దోపిడీ కేసులో సాక్ష్యం లేక ఖరక్ సింగ్ విడుదలయ్యాడు. అయినా ఉత్తరప్రదేశ్ పోలీసులు అతని పేర హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రిపూట వచ్చి తలుపు కొట్టి, కేకలేసి నిద్ర లేపేవారు. 1962లో సుప్రీంకోర్టు ఈ రాత్రి తనిఖీలను కొట్టేసింది గానీ తక్కిన నిఘాను ఉండనిచ్చింది. గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు అందుకు ఒప్పుకోలేదు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని విడిగా తీర్పు రాశారు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆయన వైపే నిలిచింది.

1962లో సుబ్బారావు చేతిలో ఉన్నది అసమ్మతి మాత్రమే. అధికారం చేతికొచ్చాక ఏం చేశారన్నది ఇంకా ఆసక్తికరం.

సుప్రీంకోర్టు చెప్పిన న్యాయసూత్రం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యమని 141వ అధికరణం చెబుతుంది. ఒకే తగాదాకు పూటకో తీర్పు వస్తే జనం దేన్ని నమ్మి భూమి కొంటారు, అప్పిస్తారు? మరి సుప్రీంకోర్టే తన పాత మాట మార్చుకోవలసి వస్తే?

1967లో గోలక్‌నాథ్ కేసు వచ్చేసరికి సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తి. ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణతో హరించలేదని 11 మంది ధర్మాసనం 6-5 తేడాతో తేల్చింది. పార్లమెంటుకు ఆ అధికారం ఉందన్న 1951, 1964 నాటి తీర్పులు పక్కకు పోయాయి. మరి వాటిని నమ్మి చేసిన రాజ్యాంగ సవరణల మాటేమిటి? వాటి అండతో భూసంస్కరణలు జరిగాయి, భూములు చేతులు మారాయి. అవన్నీ తిరగదోడితే పల్లెలు అల్లకల్లోలమయ్యేవి. అందుకే కొత్త సూత్రం ఇకముందుకే వర్తిస్తుందనీ, జరిగిపోయినవి చెల్లుతాయనీ ఆయన రాశారు. మన దేశంలో ఈ పద్ధతికి అదే తొలి ప్రయోగం. ఆయన గొప్పతనం తీర్పు కన్నా ఈ జాగ్రత్తలోనే ఎక్కువగా కనబడుతుంది.

గోలక్‌నాథ్ తీర్పును 1973లో 13 మంది ధర్మాసనం తోసిపుచ్చింది. పద్ధతి మాత్రం బతికింది. 1993లో హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ సంస్థ కేసులోనూ, శాఖాపరమైన విచారణ నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇవ్వాలన్న నియమం 1990 నవంబరు 20 తర్వాతి శిక్షలకే వర్తిస్తుందని కోర్టు చెప్పింది.

పాత మాటను నమ్మినవాళ్లు నష్టపోకుండా చూసే ఈ జాగ్రత్తే ఇళ్లలో మాట మార్చుకునేటప్పుడు లోపిస్తున్నది. ఏళ్ల తరబడి తమ్ముడి ఇంటి అద్దె కడుతున్న అన్నకు ఇక మోయలేని రోజు రావచ్చు. ఆపే హక్కు అతనికుంది. కానీ ఒకటో తారీఖున ఉన్నట్టుండి చేతులెత్తేస్తే, ఆ డబ్బు వస్తుందన్న నమ్మకంతో పిల్లల్ని బడిలో చేర్చిన తమ్ముడు ఏమైపోతాడు? "వచ్చే ఉగాది దాకా నేను చూసుకుంటాను, ఆ తర్వాత నువ్వే కట్టుకోవాలిరా" అని ముందే చెబితే, అద్దె తక్కువ ఇల్లు వెతుక్కోవడానికి తమ్ముడికి వ్యవధి దొరుకుతుంది. ఇన్నాళ్లూ కట్టినదాన్ని తర్వాత ఏ పెళ్లిలోనో నలుగురి ముందు ఎత్తిపొడవకుండా ఉండటం కూడా అన్న బాధ్యతే.