రెండు లక్కలు

పిల్లలూ! జపాన్‌లో పగిలిన పింగాణీని లక్కతో అతికి, అతుకు మీద బంగారు పొడి చల్లుతారు. ఆ పనిని 'కిన్‌త్సుగి' అంటారు. ఇది చదివి, అంబర్‌పేటలో మా ఇంట పగిలిన కప్పును నేనూ అతికి చూశాను. లాడ్‌బజారులో గాజులకు వాడే లక్కను కరిగించి పూశాను. చల్లారగానే గట్టిగా అతుక్కుంది. కాని వేడి టీ పోయగానే ఊడిపోయింది! కారణమేమిటి?

పేరు ఒకటే అయినా పదార్థాలు వేరు. మన లక్క లక్కపురుగులు స్రవించే జిగురు. 80 డిగ్రీల సెల్సియస్ లోపే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. ఇది భౌతిక మార్పు.

జపాన్ లక్క 'ఉరుషి' అనే చెట్టు పాలు. అందులోని ఉరుషియాల్ అణువులు గాలిలోని ఆక్సిజన్ వల్ల ఒకదానితో ఒకటి వలలా పెనవేసుకుంటాయి. ఇది రసాయనిక మార్పు. ఆ వల వేడికి మళ్ళీ కరగదు. ఇందుకు తోడ్పడే ఎంజైము లాకేజ్. దాని ఉనికిని 1883లో యోషిదా అనే జపాన్ శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. ఈ ఎంజైముకు తేమ కావాలి. కనుక అతికిన పాత్రను తేమగల పెట్టెలో ఉంచుతారు. ఆరడానికి తడి కావాలంటే వింతగా లేదూ?

మరి బంగారం? అది అలంకారమే, అతికేది ఉరుషి.

ఉరుషి మన మామిడి, నల్లజీడి చెట్ల కుటుంబానిదే. మామిడి సొన తగిలితే పెదవి పొక్కుతుంది కదా! పచ్చి ఉరుషి, నల్లజీడి రసం అంతకంటే తీవ్రమైనవి. వాటిని ముట్టకండి.

ఆలోచించండి: మైనం, సిమెంటు - ఏది మన లక్కలా గట్టిపడుతుంది? ఏది ఉరుషిలా?