ఆరోగ్య పాఠం: రాత్రి గస్తీకి జాముల వంతు



తుంగభద్ర పొంగినప్పుడల్లా మన సి.బెళగల్ మండలంలోని ఏటి ఒడ్డు పల్లెల్లో రాత్రిళ్లు గస్తీ కాయవలసి వస్తుంది. 2009 అక్టోబరు మొదటి రోజుల్లో మంత్రాలయాన్ని, కర్నూలు నగరాన్ని ముంచిన వరదను ఎవరూ మరువలేదు. అలాంటి రాత్రి గట్టు మీద ఉన్నవాడు కునుకు తీస్తే ఊరంతటికీ ప్రమాదమే.

రాత్రి డ్యూటీలు చేసిన అనుభవంతో మేము చెప్పే మాట ఇది: నిద్ర ఆపుకోవడం ధైర్యంతో అయ్యే పని కాదు. రెండు నుండి అయిదు గంటల మధ్య శరీరం తనంతట తానే నిద్రకు ఒరుగుతుంది. పదిహేడు గంటలు మేలుకున్న మనిషి పని, కొంత మద్యం తాగినవాని పనిలాగే తడబడుతుంది. ఉదయం ఆరుకు లేచి చేనుకు పోయినవానికి రాత్రి పదకొండుకే ఆ పదిహేడు గంటలు నిండుతాయి.

మన పెద్దలు రాత్రిని నాలుగు జాములు చేశారు. జాముకు మూడు గంటలు. ఆ లెక్కనే వాడుకుందాం.

1. జాముకు ఇద్దరు చొప్పున ఎనిమిది మంది పేర్లు పగలే రాసుకోండి.
2. చివరి రెండు జాములవారు ముందుగా పడుకోవాలి. ఆ వంతు ప్రతి రాత్రీ ఒకరి మీదే వేయకండి.
3. లేచిన వెంటనే మత్తు వదలదు. కాబట్టి వంతుకు అరగంట ముందే లేపండి.
4. టీ వంతు మొదట్లో తాగండి. చివర్లో తాగితే ఇంటికి పోయాక నిద్ర పట్టదు.
5. మూర్ఛ వ్యాధి ఉన్నవారిని రాత్రి గస్తీకి పిలవకండి. నిద్ర చెడితే ఫిట్స్ రావచ్చు. షుగరుకు మందులు వాడేవారు డాక్టరును అడిగి రావాలి.
6. గస్తీ చేసిన మరునాడు నిద్రపోకుండా బండి నడపవద్దు, పత్తికి మందు కొట్టవద్దు.

వంతు అప్పగించడం అన్నిటికంటే ముఖ్యం. మేము శిక్షణలో ఉన్న రోజుల్లో ఒక తెల్లవారుజామున అలసటతో, "అంతా బాగానే ఉంది" అని చెప్పి వార్డు అప్పగించాము. ఒక బాలింతకు రక్తస్రావం ఎక్కువగా ఉందని చెప్పడం మరిచాము. తర్వాత వచ్చిన సిస్టర్ గంటకు గాని చూడలేదు. దేవుని దయవలన ఆ తల్లి బ్రతికింది. నాటి నుండి మేము "అంతా బాగానే ఉంది" అనే మాటతో ఏ రోగినీ అప్పగించలేదు.

మీరు కూడా గట్టు మీదనే, ఎదురెదురుగా నిలిచి మూడు సంగతులు చెప్పండి: ఏమి చూశాము, ఏమి చేశాము, ఇక ఏమి చూడాలి. "నీళ్లు సున్నం గీత దాటి జానెడు పెరిగాయి, అన్నా. గుడిసెలవారిని లేపాము. రెండో గీత తాకితే ఊరంతా లేపాలి." వచ్చినవారు ఆ మాటలు తిరిగి చెప్పిన తర్వాతనే వెళ్లండి. వంతువారు రాకపోతే ఒకరు పోయి లేపాలి, రెండవవారు అక్కడే ఉండాలి.

ఆసుపత్రిలో రోగికి తోడుగా ఉండే కుటుంబాలకు కూడా ఇదే పద్ధతి. మూడు రాత్రులు ఒక్క తల్లినే కూర్చోబెట్టకండి. వంతులు పంచుకోండి.