ఆఖరి మూడు రోజులు మూత తీయొద్దు

నా రూమ్‌లో టేబుల్ కింద ఒక థర్మోకోల్ పెట్టె ఉంది. చేపలకి ఐస్ వేసి పంపే రకం. దానికి ఒక బల్బు, పాత కంప్యూటర్ నుంచి పీకిన ఫ్యాను, ఒక ఆర్డుయినో బోర్డు, వేడి, తేమ కొలిచే డీహెచ్‌టీ 22 సెన్సర్ తగిలించి ఇంక్యుబేటర్ అని పేరు పెట్టా. సెకండ్ ఇయర్ మినీ ప్రాజెక్ట్ అన్నమాట.

ఈ వ్యాసం ఆ సర్క్యూట్ గురించి కాదు. కోడిగుడ్డు పిల్ల అవడానికి 21 రోజులు పడుతుంది. మొదటి 18 రోజులు చాలావరకు కోడే చూసుకుంటుంది (నేను రాసిన కోడ్ అని నా ఉద్దేశం, పెట్ట అనుకున్నా తప్పు లేదు). చివరి 3 రోజులు మాత్రం మన బుద్ధి మీద ఆధారపడి ఉంటాయి. ఆ 3 రోజుల్లో నేను 5 పిల్లల్ని పోగొట్టుకున్నా. అందుకే ఇది రాస్తున్నా.

ఇంకో మాట. నా స్కూల్ అంతా ఇంగ్లీష్ మీడియం. ఇందులో సగం మాటలు అమ్మమ్మవి, సగం ల్యాబ్‌వి. సర్దుకుపోండి.

"చు" అని రాసిన గుడ్లు

డిసెంబర్‌లో అమ్మమ్మ ఊరి నుంచి వస్తూ బియ్యం డబ్బాలో పెట్టి 12 నాటుకోడి గుడ్లు తెచ్చింది. వాటిలో 4 చుక్కల పెట్టవి. అంతకు రెండు రోజుల ముందే ఆ పెట్టని కుక్క ఎత్తుకుపోయిందట. ఆ 4 గుడ్ల మీద అమ్మమ్మ పెన్సిల్‌తో "చు" అని రాసి పెట్టింది.

"ఇవి జాగ్రత్త అమ్మాయ్, మళ్లీ దొరికేవి కావు" అని నా చేతిలో పెట్టింది.

7వ రోజు రాత్రి లైట్లన్నీ ఆపేసి, ఫోన్ టార్చ్ మీద గుడ్డు పెట్టి చూశాం. దీన్ని క్యాండ్లింగ్ అంటారు. పిల్ల కట్టిన గుడ్డులో ఎర్రటి రక్తనాళాలు సాలెగూడులా కనిపిస్తాయి, మధ్యలో ఒక నల్ల చుక్క కదులుతూ ఉంటుంది. 3 గుడ్లు ఖాళీ. 14వ రోజు చూస్తే ఇంకొకటి మధ్యలోనే ఆగిపోయింది. 18వ రోజుకి 8 మిగిలాయి, వాటిలో "చు" గుడ్లు 3.

20వ రోజు పొద్దున ఒక "చు" గుడ్డు మీద నక్షత్రంలా చిన్న పగులు. నా ఆనందానికి హద్దు లేదు. మూత తీసి ఫొటో కొట్టి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టా. గంటకోసారి మూత తీసి చూశా. సాయంత్రానికి ఇంకో రెండు గుడ్లు పగిలాయి, కానీ ఏ పిల్లా బయటికి రాలేదు. పగులు దగ్గర తెల్లగా, తడిగా ఉండాల్సిన పొర పసుపు రంగులో ఎండిన కాగితంలా అయిపోయింది. రాత్రి 11 గంటలకి ఆగలేకపోయా. మొదట పగిలిన గుడ్డు పాపం ఇరుక్కుపోయింది, సాయం చేద్దామని పట్టకారుతో పెంకు ఒలిచా. పొర వెంట రక్తం వచ్చింది. తెల్లారకముందే ఆ పిల్ల చచ్చిపోయింది.

21వ రోజుకి 3 పిల్లలు వచ్చాయి. మిగతా 4 గుడ్లలో పిల్లలు లోపలే పోయాయి. "చు" గుడ్లలో ఒక్కటీ దక్కలేదు.

అమ్మమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పొదుగు మీదున్న కోడి ఆఖర్న మేతక్కూడా సరిగ్గా దిగదు. ఎందుకు దిగదో ఎప్పుడైనా అడిగావా?" అంది, అంతే.

అడగలేదు. తర్వాత చదివి తెలుసుకున్నా.

లోపల ఏం జరుగుతుంది?

గుడ్డు పెంకు గట్టి గోడలా కనిపిస్తుంది కానీ దాని నిండా కంటికి ఆనని వేల రంధ్రాలుంటాయి. 18 రోజుల పాటు పిల్ల ముక్కుతో గాలి పీల్చదు. పెంకు లోపలి పక్కన పరుచుకున్న రక్తనాళాల పొర ఆ రంధ్రాల గుండా ఆక్సిజన్ తీసుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అదే రంధ్రాల నుంచి గుడ్డులోని నీరు కొంచెం కొంచెంగా ఆవిరవుతుంది. అలా తగ్గిన చోట, గుడ్డు లావు వైపున, గాలి గది పెరుగుతూ వస్తుంది. 18వ రోజుకి గుడ్డు బరువు 12 శాతం దాకా తగ్గాలి. అంటే మొదట 45 గ్రాములున్న గుడ్డు దాదాపు 40 గ్రాములకి రావాలి. వంటింటి డిజిటల్ కాటా ఉంటే ఇది ఇంట్లోనే చూసుకోవచ్చు.

18వ రోజు తర్వాత మూడు పనులు జరుగుతాయి.

ఒకటి, పిల్ల తల లావు వైపుకి తెచ్చుకుని, ముక్కుని కుడి రెక్క కింద పెట్టుకుని సర్దుకుంటుంది. తర్వాత ఆ ముక్కుతో గాలి గది పొరని పొడుస్తుంది. జీవితంలో మొదటిసారి ఊపిరితిత్తులతో గాలి పీల్చేది అప్పుడే. గుడ్డు లోంచి "కిచ్ కిచ్" వినబడటం కూడా అప్పుడే మొదలవుతుంది.

రెండు, గాలి గదిలో గాలి ఎంతోసేపు చాలదు. ముక్కు చివర ఉండే చిన్న గట్టి మొనతో పెంకుని లోపలి నుంచి కొడుతుంది. బయటికి నక్షత్రంలా పగులు కనిపిస్తుంది. దీన్నే పిప్పింగ్ అంటారు. పుట్టిన కొద్ది రోజులకి ఆ మొన ఊడిపోతుంది.

మూడు, మనల్ని మోసం చేసేది ఇదే. పగులు కనిపించాక పిల్ల ఆగిపోతుంది. 12 గంటలు, ఒక్కోసారి 24 గంటలు. చూసేవాళ్లకి ఇరుక్కుపోయినట్టు, చచ్చిపోతున్నట్టు ఉంటుంది. నిజానికి అది పనిలో ఉంది. మిగిలిన పచ్చసొనని కడుపులోకి లాక్కుంటుంది. పొరలో ఉన్న రక్తాన్ని వెనక్కి ఒంట్లోకి తెచ్చుకుంటుంది. ఊపిరితిత్తులకి అలవాటు పడుతుంది. ఈ పని పూర్తి కాకముందే మనం పెంకు ఒలిస్తే ఏమవుతుందో నేను చూశా. ఆ రక్తం పెంకుది కాదు, పిల్లదే.

పని అయ్యాక పిల్ల గుండ్రంగా తిరుగుతూ పెంకుని టోపీలా కోసేసి, కాళ్లతో తన్ని బయటికొస్తుంది. అది మాత్రం త్వరగానే, చాలాసార్లు గంటా రెండు గంటల్లో అయిపోతుంది.

ఇక మూత సంగతి. పగులు పడ్డ గుడ్డు లోపలి పొర ఇప్పుడు నేరుగా గాలికి తగులుతోంది. పెట్టెలో తేమ ఉన్నంతసేపు అది మెత్తగా సాగుతుంది. మూత తీస్తే తేమ బయటికి పోతుంది, పొర ఎండి పిల్లకి అతుక్కుపోతుంది. పిల్ల తిరగలేదు. ఆ రాత్రి నా సెన్సర్ లాగ్ తీసి గ్రాఫ్ గీశా. తేమ గీత రంపం పళ్లలా ఉంది. ఒక్కో పన్ను నేను మూత తీసిన ఒక్కోసారి. డేటా మొత్తం నా దగ్గరే ఉంది, చూడలేదంతే.

కోడి ఎందుకు దిగదో ఇప్పుడు తెలిసింది కదా.

18వ రోజు ఏం చేయాలి?

కోళ్లు పెంచేవాళ్లు ఈ మూడు రోజుల్ని "లాక్‌డౌన్" అంటారు. మన బ్యాచ్‌కి ఆ మాట వింటే ఆన్‌లైన్ క్లాసులు గుర్తొస్తాయి కానీ ఇక్కడ సరిగ్గా సరిపోయింది. రిలీజ్ ముందు కోడ్ ఫ్రీజ్ లాంటిది. చేయాల్సినవన్నీ ముందే చేసేసి చేతులు తీసేయాలి.

1. చివరిసారి క్యాండ్లింగ్ చేయండి. ఆరోగ్యంగా ఉన్న గుడ్డు దాదాపు మొత్తం నల్లగా ఉంటుంది, లావు వైపు గాలి గది వెలుగుతూ వంకరగా కిందికి దిగి ఉంటుంది. ఇంకా ఖాళీగా వెలుగుతున్నవి, రక్తపు ఉంగరంలా కనిపించేవి, వాసన వచ్చేవి తీసేయండి. మురిగ్గుడ్డు లోపల పగిలితే మిగతావి కూడా పాడవుతాయి.

2. గుడ్లు తిప్పడం ఆపేయండి. ఇన్నాళ్లు రోజుకి మూడుసార్లైనా తిప్పింది పిల్ల పొరకి అతుక్కోకుండా ఉండటానికి. ఇప్పుడు అది తన చోటు తాను చూసుకుంటోంది. తిప్పే మోటార్ ఉంటే తీసేసి గుడ్లని పడుకోబెట్టండి.

3. కింద గరుకుగా ఉండేది వేయండి. నేను అల్మారాలో పరిచే రబ్బరు మ్యాట్ వేశా. న్యూస్ పేపర్ వద్దు, దాని మీద కాళ్లు జారి పిల్లలు చీలికాళ్లతో ఉండిపోతాయి.

4. తేమ పెంచండి. మొదటి 18 రోజులు 45 నుంచి 55 శాతం చాలు. ఇప్పుడు 65 నుంచి 70 శాతం కావాలి. గిన్నె లోతు కాదు, నీటి వెడల్పు ముఖ్యం. పళ్లెంలో గోరువెచ్చటి నీళ్లు పోసి స్పాంజ్ ముక్కలు వేయండి. పిల్లలు పడి మునిగిపోకుండా పైన జాలీ కప్పండి.

5. మూత తీయకుండా నీళ్లు పోసే దారి పెట్టుకోండి. పెట్టె పక్కన చిన్న కన్నం చేసి, సన్నటి పైపు పళ్లెంలోకి దించి, బయటి నుంచి సిరంజీతో నీళ్లు ఎక్కించొచ్చు. మొత్తం ప్రాజెక్ట్‌లో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, దీనికి ఒక్క లైను కోడ్ కూడా అక్కర్లేదు.

6. గాలి రంధ్రాలు మూయొద్దు. తేమ నిలబడుతుందని మూసేయాలనిపిస్తుంది. కానీ పిల్లలు ఇప్పుడే ఊపిరి పీల్చడం మొదలుపెట్టాయి, వాటికి మునుపటికంటే ఎక్కువ గాలి కావాలి.

7. ఫ్యాను ఉన్న పెట్టెలో వేడి 37.5 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గరే ఉంచండి. పిల్లలు కూడా వేడి పుట్టిస్తాయి కాబట్టి పెరగకుండా చూసుకోండి. కరెంటు పోతే ఏంటి అన్నది కూడా ఈ రోజే ఆలోచించండి. నేను ఇన్వర్టర్ ప్లగ్‌కి మార్చా.

8. సెన్సర్‌ని గుడ్డిగా నమ్మొద్దు. సీసా మూతలో ఉప్పు వేసి, తడిసి ముద్దయ్యేంత నీళ్లు కలిపి, సెన్సర్‌తో పాటు గాలి చొరని జిప్ కవర్లో కొన్ని గంటలు ఉంచితే తేమ 75 శాతం చూపించాలి. నాది 81 చూపించింది. అంటే మొదటి బ్యాచ్‌లో నేను 66 అనుకున్నది నిజానికి 60 దగ్గర. ఈ పరీక్ష గుడ్లు పెట్టకముందే చేసుకుంటే ఇంకా మంచిది.

9. పిల్లలకి ఇల్లు రెడీ చేయండి. అట్టపెట్టె, ఊక, ఒక మూల బల్బు. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. నీళ్ల మూకుడులో గులకరాళ్లు వేయండి, లేకపోతే అందులో పడిపోతాయి.

ఇవన్నీ అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. గుడ్లు, పిల్లల నుంచి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వచ్చే అవకాశం ఉంది. తర్వాత మూత వేసేయండి.

ఆగడం

ఫిబ్రవరిలో అమ్మమ్మ ఇంకో 12 గుడ్లు తెచ్చింది. అడగడానికి నాకు మొహం చెల్లలేదు, తనే తెచ్చింది. ఈసారి మూతకి కన్నం కోసి అక్రిలిక్ షీట్ అతికించా. 18వ రోజుకి 10 గుడ్లు మిగిలాయి. పైన చెప్పినవన్నీ చేసి, మూత చుట్టూ టేప్ వేసేశా. గుడ్ల కోసం కాదు, నా కోసం.

మొదటిసారి నేను చేసింది మన భాషలో పోలింగ్. అయ్యిందా, అయ్యిందా అని గంటకోసారి అడగడం. ఇక్కడ ప్రతి ప్రశ్నకీ ఖర్చు ఉంది, ఆ ఖర్చు పిల్ల కడుతుంది. ఇంటరప్ట్ వచ్చేదాకా ఆగాలి.

20వ రోజు తెల్లవారుజామున కిచ్ కిచ్ వినబడింది. ఒక గుడ్డు పగిలి 17 గంటలు అలాగే ఉంది. పక్కన కూర్చుని డీబీఎంఎస్ అసైన్‌మెంట్ రాశా, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. రెండుసార్లు చెయ్యి టేప్ దాకా వెళ్లింది. అమ్మమ్మ మంచం మీద నుంచి చూస్తూనే ఉంది, ఏమీ అనలేదు. రాత్రి 10 దాటాక పెంకు టోపీ లేచింది.

వచ్చిన పిల్లని కూడా వెంటనే తీయకూడదు. తడి ఆరి బొచ్చు విచ్చుకునేదాకా లోపలే ఉండనివ్వాలి. కడుపులోకి లాక్కున్న పచ్చసొన రెండు రోజులకి పైగా సరిపోతుంది కాబట్టి ఆకలితో చచ్చిపోదు. ఒక్క రోజు పిల్లల్ని మేత లేకుండా దూర ఊళ్లకి పంపగలిగేది కూడా ఇందుకే. ముందొచ్చిన పిల్ల అరుస్తోందని మూత తీస్తే, ఇంకా లోపలున్న వాటికి ఎసరు పెట్టినట్టే.

22వ రోజు టేప్ పీకా. 10 గుడ్లకి 8 పిల్లలు. రాని రెండిటిని తర్వాత విప్పి చూశా, ఒకదానిలో పిల్ల తల సన్నటి వైపు ఉంది. మనం అంతా సరిగ్గా చేసినా ఇలాంటివి కొన్ని ఉంటాయట.

మొదటి బ్యాచ్‌లోని 3, ఈ 8, మొత్తం 11 ఇప్పుడు అమ్మమ్మ వాళ్ల ఊళ్లో దొడ్డి నిండా తిరుగుతున్నాయి. మొన్న వీడియో కాల్‌లో చూపించింది. ఎర్రవి ఉన్నాయి, నల్లవి ఉన్నాయి, ఒకటి బూడిద రంగుది కూడా ఉంది. చుక్కలది లేదు.

"చు" అని రాసిన ఆ మొదటి గుడ్డు పెంకు ముక్క నా పెన్సిల్ బాక్స్‌లో ఉంది. మీలో ఎవరైనా గుడ్లు పొదగేస్తే 18వ రోజు నాకు మెసేజ్ చేయండి. సర్క్యూట్ పంపిస్తా, కోడ్ పంపిస్తా. మీ చెయ్యి పట్టుకుని ఆపడం కూడా చేస్తా.