మందుల పక్కన కంచం

పిల్లవాడికి లుకేమియా అని తేలి, మొదటి కీమో ముగించుకుని ఇల్లు చేరేసరికి సలహాలు మీకంటే ముందే వచ్చి కూర్చుంటాయి. మేనత్త గోధుమగడ్డి రసం పంపిస్తుంది. పక్కింటి పెద్దాయన తిప్పతీగ కషాయం తాగించమంటాడు. చక్కెర మానేస్తే జబ్బు దానంతటదే మాడిపోతుందని వాట్సాప్‌లో ఎవరో పంపుతారు. వీళ్లెవరికీ చెడు ఉద్దేశం ఉండదు. డాక్టర్లు వాళ్ల పని వాళ్లు చేస్తుంటే, తల్లిగా తండ్రిగా మేమూ ఏదో ఒకటి చేయాలి కదా అని మీకూ ఉంటుంది. ఆ ఆరాటాన్ని నేను తప్పు పట్టను. దాన్ని ఎటు తిప్పితే బిడ్డకు మేలో, అది మాత్రం చెప్పాలనుంది.

యల్లాప్రగడ సుబ్బారావు పేరు వినే ఉంటారు. 1895లో భీమవరంలో పుట్టారు. తిన్న తిండి ఒంటబట్టనివ్వని స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులిద్దర్ని పొట్టన పెట్టుకుంది. అదే జబ్బు తనకు వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. తర్వాత లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పారు. మన వైద్యాన్ని చులకన చేసే మనిషి కాదన్నమాట. అమెరికా వెళ్లాక లెడర్లీ సంస్థలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఆకుకూరల్లో ఉండే విటమినే అది. ఇప్పుడు గర్భిణులకిచ్చే మాత్రల్లోనూ ఉంటుంది. స్ప్రూ జబ్బుకీ పనికొచ్చింది.

అయితే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఈ విటమిను రకాల్ని లుకేమియా పిల్లలకు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా జోరందుకున్నట్టు కనిపించింది. ఆయన ఆలోచన తిరగబడింది. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందు ఇస్తే? సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ ఇచ్చారు. 1948లో అచ్చయిన వివరాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. అంతవరకూ పిల్లల లుకేమియా మందుకు అలా లొంగడం డాక్టర్లు దాదాపు చూడలేదు. ఆ మందుకు తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఇంటికొచ్చాక మీవాడు వారానికోసారి మింగే మాత్ర బహుశా అదే.

ఇంత కథ ఎందుకు చెప్పానంటే, బలానికని మందుల షాపులో కొనే మల్టీవిటమిన్‌లో చాలావరకు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. డాక్టరు ఒక చేత్తో ఆపుతున్నదాన్ని మనం రెండో చేత్తో పోస్తాం. తోటకూర పప్పు, పాలకూర మానక్కర్లేదు, కూరలో ఉండేది కొంచెమే. చిక్కంతా మాత్రలతో, టానిక్కులతో. ఎక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ ఎక్కించాక దాదాపు ఫోలిక్ ఆమ్లం లాంటి మందునే ఆసుపత్రివాళ్లు ఇస్తారు, కానీ గంట లెక్కన, రక్తపరీక్ష చూసుకుని ఇస్తారు.

తిప్పతీగ సంగతీ ఇంతే. అది వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు రాశారు. కీమో మాత్రలు అసలే కాలేయం మీద భారం. భస్మాల్లో సీసం, పాదరసం ఉండొచ్చు. గోధుమగడ్డి రసం విషం కాదు గానీ పచ్చిది. తెల్లకణాలు పడిపోయిన వారాల్లో పచ్చి రసంలోని మట్టి క్రిమి చాలు, బిడ్డ మళ్లీ వార్డులో పడటానికి. ఇక పసరు పోయించుకుని వచ్చాక చూద్దామని కీమో వాయిదా వేయడం మాత్రం దయచేసి వద్దు. పిల్లల లుకేమియాలో ఎక్కువ శాతం పూర్తిగా నయమయ్యేదే. చికిత్స మధ్యలో తెగితే చేజారే ప్రమాదం పెరుగుతుంది.

మరి మీరేం చేయాలి? నన్నడిగితే కంచం మీ రాజ్యం. బరువు తగ్గిపోయిన పిల్లలు కీమోను తట్టుకోవడం కష్టం. మన ఇళ్లలో జబ్బు అనగానే పథ్యం మొదలుపెడతాం. గుడ్డు వేడి, మాంసం అరగదు, నెయ్యి వద్దు అంటాం. ఇక్కడ అది తలకిందులు. బాగా ఉడికించిన గుడ్డు ఒక్కటే ఆరు గ్రాముల దాకా ప్రొటీన్ ఇస్తుంది. ముద్దపప్పు, నెయ్యి, మెత్తటి అన్నం, ఇడ్లీ, పాలు పోసిన రాగిజావ, బాగా ఉడికిన కోడికూర ఏది నోటికి రుచిస్తే అది, అప్పుడే వండి పెట్టండి. ఫ్రిజ్‌లోది, బండి మీది చట్నీ వద్దు. నీళ్లు మరిగించి చల్లార్చాలి. పండ్లయితే కడిగి, తొక్క తీసేవి ఇవ్వాలి. పెరుగు విషయంలో ఆసుపత్రికో మాట చెబుతారు, మీ ఆసుపత్రిదే వినండి.

నోరు పూసినప్పుడు కారం, పులుపు, వేడి ఏవీ ఓర్వలేరు. చల్లారిన జావ గుక్కెడు గుక్కెడు తాగించాలి. స్టెరాయిడ్ వారాల్లో ఆకలి తీరు పూర్తిగా మారిపోతుంది. అర్ధరాత్రి లేపి అన్నం పెట్టమంటాడు, ఏడుస్తాడు, కసురుతాడు. అది మందు చేసే పని, పిల్లవాడి మొండితనం కాదు. పెట్టండి. అప్పడాలు, ఊరగాయ, చిప్స్ మాత్రం దాచేయండి, ఉప్పుకు ఒళ్లు నీరుపట్టి బీపీ పెరుగుతుంది. విన్‌క్రిస్టిన్ ఎక్కించాక మలబద్ధకం మామూలే. నీళ్లు బాగా తాగించి, బొప్పాయి పండు పెట్టి, చాలకపోతే ఫోన్ చేయండి. పాతకాలంలోలా సబ్బుముక్క పెట్టడం, ఎనిమా ఇవ్వడం ప్రమాదం. జ్వరం 100.4 డిగ్రీలు తాకిందా, కషాయం పెట్టి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. ఆ రాత్రే బయల్దేరండి.

చేత్తో చేసే సేవకు చోటు లేదా అంటే, బోలెడుంది. అరికాళ్లకు మెల్లగా నూనె రాయడం, సూది గుచ్చేటప్పుడు సబ్బు బుడగలు ఊదించడం, పాట, కథ. ఇవి నొప్పిని, భయాన్ని తగ్గిస్తాయని పెద్ద ఆసుపత్రులూ ఒప్పుకుంటాయి. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు గట్టిగా పిసకొద్దు, ఆక్యుపంక్చర్ సూదులు అసలే వద్దు. తాయెత్తు కట్టాలనుకుంటే కట్టండి, మందు ఎక్కించే గొట్టం ఉన్న చేతికి కాకుండా. పంచామృతం కళ్లకద్దుకుంటే చాలు, దేవుడేమీ అనుకోడు.

ఇస్తున్నవి దాచొద్దు. డాక్టరు కసురుతారని చాలామంది చెప్పరు. సీసాను, పొట్లాన్ని అలాగే సంచిలో వేసుకెళ్లి బల్ల మీద పెట్టండి. కసిరితే కసరనివ్వండి, లేదా నర్సమ్మనో డైటీషియన్‌నో అడగండి. ఆపమంటే ఎన్నాళ్లు ఆపాలో కూడా అడగండి. చికిత్స ముగిశాక వాటిలో కొన్నిటికి అడ్డు చెప్పకపోవచ్చు.