కెమెరా తర్వాత, ముందు గోడ

కోలారు జిల్లా నంగలి చుట్టుపక్కల పీయూసీ సైన్స్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఒకటే జపం: బెంగళూరులో కంప్యూటర్ సైన్స్ సీటు. సివిల్ అంటే ఎండలో మాడే చదువని ముఖం ముడుస్తారు. తీరా పిల్లవాడు సివిల్‌లో చేరితే, ఆ చిన్నతనం పోగొట్టుకోవడానికి థర్మోగ్రఫీ, అంటే థర్మల్ కెమెరాతో వేడి తేడాలు చూసే పని, దాని సర్టిఫికెట్ కోసం పరుగు. నాలుగు రోజుల కోర్సు చేస్తే పాత కట్టడాలు పరీక్షించే నిపుణుడైపోతాడని ఎవరు చెప్పినా నమ్మకండి.

థర్మల్ కెమెరా గోడ లోపలికి చూడదు. గోడ ఉపరితలం వేడిని రంగుల్లో చూపిస్తుంది, అంతే. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, ఆ గనులు నడిపిన జాన్ టేలర్ కంపెనీ నాటి బంగళాలున్నాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక ఎన్నో ఇళ్లకు ఆలనాపాలనా కరవైంది. అలాంటి ఇంటి పడమటి గోడకు ఎండ తగులుతున్నప్పుడు, గుల్లబడిన గార తొందరగా వేడెక్కి తెరమీద వెలుగుతుంది. చెమ్మ ఆరుతున్న చోట గోడ చల్లబడి నీలంగా కనిపిస్తుంది. కానీ చెట్టునీడ పడినా నీలమే. నిగనిగలాడే పెయింటు ఆకాశాన్ని ప్రతిఫలించినా నీలమే! ఏది ఏదో తేల్చాలంటే వేలితో తట్టి చప్పుడు వినాలి, తేమ మీటరు పెట్టాలి, పైన చూరు కారుతోందేమో చూడాలి. సున్నం గార చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. ఈ సంగతి తెలియనివాడు అందమైన రంగుల రిపోర్టు ఇచ్చి, సిమెంటు పూయమని రాసి, నూరేళ్ల గోడను పాడుచేస్తాడు.

మంచి కెమెరా లక్షలు పలుకుతుంది. అప్పుచేసి కొనివ్వకండి. థర్మోగ్రఫీ పని ఎక్కువగా దొరికేది ఫ్యాక్టరీల కరెంటు ప్యానెళ్ల దగ్గర, మోటార్ల దగ్గర. పాత ఇళ్ల పని తక్కువ, మెల్లగా వస్తుంది. థర్మోగ్రఫీలో లెవెల్-1, లెవెల్-2 అర్హతలకు తరగతి గదితో పాటు పని అనుభవం కూడా కావాలి.

నన్నడిగితే ఈ పనికి దారి ఎస్సెస్సెల్సీ తర్వాత మూడేళ్ల సివిల్ డిప్లొమా, ఆపైన డిప్లొమావాళ్ల ప్రవేశ పరీక్ష డీసెట్ రాసి నేరుగా బీఈ రెండో ఏడు. బొమ్మలు వేసే అమ్మాయైతే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా రాసి అయిదేళ్ల బీఆర్క్, ఆపైన ఢిల్లీ లేదా భోపాల్ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్పీఏ)లో కట్టడాల పరిరక్షణ. ఐఐటీ మద్రాసులో చారిత్రక కట్టడాల భద్రతకే ఒక జాతీయ కేంద్రం ఉంది. ఈ దారుల్లో ఏది పట్టినా, సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రి వెంట కొన్నాళ్లు తిరగనివ్వండి. బట్టలు మాసిపోతాయని గొడవపడకండి.

ఇక కోర్సు ఫీజు కట్టేముందు అక్కడి శిక్షకుణ్ని అడగండి: మీరు చివరిసారి ఏ గోడను కెమెరాతో తీశారు, ఏ వేళలో తీశారు, కెమెరా చూపింది నిజమని ఎలా తేల్చుకున్నారు? తడబడితే డబ్బు జేబులోనే ఉంచుకుని బస్సెక్కండి.