పశ్చిమ నెల్లూరు మెట్ట ప్రాంతంలో పశు నియంత్రణ చట్టాలు – బందెల దొడ్డిలో సంరక్షణ ప్రమాణాలు

ఉపోద్ఘాతం

నెల్లూరు జిల్లా పశ్చిమ భాగాన గల ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు ప్రధానంగా మెట్ట భూములు. పల్ల, జోడిపి, దోర రకాల నెల్లూరు గొర్రెలు, నాటు పశువులు, గేదెలు ఇక్కడి రైతు కుటుంబాలకు ఆధారం. వేసవిలో బీళ్ళు ఎండిపోయినప్పుడు మందలు బోరుబావుల కింది పచ్చని చేల వైపు మళ్ళుతాయి. అప్పుడు రైతుకు, కాపరికి మధ్య వివాదం తలెత్తుతుంది. నష్టపరిహారం గురించి పెద్దమనుషుల సమక్షంలో చర్చ జరుగుతుంది గాని, పట్టుబడిన పశువు ఆ కొద్దిరోజులు ఏమి తిన్నది, ఏమి తాగినది అన్న ప్రశ్న సాధారణంగా చర్చకు రాదు. చట్టం మాత్రం ఈ ప్రశ్నను విస్మరించలేదు.

చట్టపరమైన నేపథ్యం

1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం ప్రకారం, పంటకు నష్టం చేస్తున్న పశువులను సాగుదారుడు పట్టుకొని 24 గంటలలోగా బందెల దొడ్డికి పంపవచ్చు. ఈ చట్టంలో పశువులనగా ఆవులు, గేదెలే కాక గొర్రెలు, మేకలు, పందులు, గాడిదలు కూడా. యజమాని బందె రుసుమును, మేత, నీటి ఖర్చులను చెల్లించి పశువును విడిపించుకొనవచ్చు. 7 రోజులలో ఎవరూ రానిచో ప్రకటన వెలువరించి, మరి 7 రోజులు వేచి, ఆ తర్వాత వేలం వేయవలెను. దొడ్డిలోని పశువుకు చాలినంత మేత, నీరు ఇవ్వని నిర్వాహకునికి 27వ సెక్షన్ 50 రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది.

1960 నాటి జంతు హింస నివారణ చట్టం 3వ సెక్షన్ ఈ బాధ్యతను మరింత విస్తృతం చేసింది. జంతువు ఎవరి సంరక్షణలో ఉన్నదో వారే దాని క్షేమానికి బాధ్యులు. రైతు పశువును చేనిలో కట్టివేసిన క్షణం నుండే ఈ బాధ్యత అతనిపై ఉంటుంది. దొడ్డికి చేరిన తర్వాత నిర్వాహకునిది. 11వ సెక్షన్ కింద మొదటి నేరానికి విధించే జరిమానా 10 నుండి 50 రూపాయలు మాత్రమే. శిక్ష ఇంత స్వల్పమైనందున, ప్రమాణాల అమలు ప్రధానంగా స్థానిక సంస్థల సన్నద్ధతపైనే ఆధారపడి ఉన్నది.

దొడ్డికి కావలసిన సన్నద్ధత

చట్టంలోని గడువును బట్టి దొడ్డిలో కనీసం 14 రోజులకు సరిపడు మేత ఏర్పాటు ఉండవలెను. 300 కిలోల బరువుగల 4 ఆవులు, 30 కిలోల బరువుగల 10 గొర్రెలు పట్టుబడినవనుకొందాం.

మేత: ఆవుకు శరీర బరువులో 2 నుండి 2.5 శాతం, గొర్రెకు 3 శాతం శుష్క పదార్థం చొప్పున రోజుకు 33 నుండి 39 కిలోలు, 14 రోజులకు సుమారు 5 క్వింటాళ్ళు అవసరం. వరిగడ్డి ఒక్కటే పోషణకు చాలదు. పచ్చిమేత గాని, సుబాబుల్, అవిశ వంటి చెట్ల ఆకులు గాని జోడించవలెను.

నీరు: వేసవిలో ఆవుకు 50 లీటర్లు, గొర్రెకు 5 లీటర్ల చొప్పున రోజుకు సుమారు 250 లీటర్లు.

వసతి: ఆవుకు 3.5 చదరపు మీటర్లు, గొర్రెకు ఒక చదరపు మీటరు చొప్పున మొత్తం 24 చదరపు మీటర్ల కప్పుగల స్థలం, దానికి రెట్టింపు ఆరుబయలు. గొర్రెలను పశువులతో కలిపి ఉంచరాదు. తల్లిని, పాలు తాగే పిల్లను వేరు చేయరాదు.

వ్యాధి నియంత్రణ

వేర్వేరు మందల జీవాలు ఒకేచోట చేరినందున గాలికుంటు, పారుడు వ్యాధులు వ్యాపించే ప్రమాదం కలదు. 2009 నాటి అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం ఇటువంటి వ్యాధి అనుమానం కలిగినచో తెలియజేయుట, వ్యాధిగ్రస్త జీవాన్ని వేరుగా ఉంచుట సంరక్షకుని విధి. కావున దొడ్డిలో ఒక మూలను వేరుచేసి ఉంచుట, ప్రవేశించిన రోజే పశువైద్యునిచే పరీక్ష చేయించుట తప్పనిసరిగా పాటించవలెను.

వేలం తర్వాత రవాణాలోనూ ప్రమాణాలు వర్తిస్తాయి. 1978 నాటి రవాణా నియమావళి ప్రకారం సాధారణ సరుకు వాహనంలో 6కు మించి పశువులను ఎక్కించరాదు.

వీధికుక్కలు

మందలపై కుక్కల దాడులు జరిగినప్పుడు విషం పెట్టుట కొన్నిచోట్ల పరిష్కారంగా భావింపబడుతున్నది. ఇది నేరం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమావళి ప్రకారం కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, రేబిస్ టీకా ఏర్పాటు చేయుట స్థానిక సంస్థల బాధ్యత. రాత్రివేళ మందకు ముళ్ళకంచె లేదా వలకంచె, చనిపోయిన జీవాలను లోతుగా పూడ్చుట కాపరి చేయగల నివారణ చర్యలు.

ముగింపు

ఆత్మకూరులో పురపాలక సంఘం, ఉదయగిరి పరిసర గ్రామాలలో పంచాయతీలు వేసవికి ముందే దొడ్డి స్థితిని పరిశీలించి, పై లెక్క ప్రకారం మేత, నీరు సమకూర్చుకొనుట మేలు. విస్తరణ శాస్త్రవేత్తలు, గ్రామ పశుసంవర్ధక సహాయకులు ఈ లెక్కను పంచాయతీ తీర్మానంగా మార్చుటకు తోడ్పడవలెను. పట్టుబడిన పశువు నీరసించినచో కాపరి తన జీవనాధారాన్ని కోల్పోవును. రైతుకు రావలసిన పరిహారం సైతం వివాదాస్పదమగును. పశువును క్షేమంగా తిరిగి అప్పగించిననాడే ఇరువురికీ న్యాయం జరిగినట్లు.