లాలాగూడ: రైలు పనివారి పేట

గద్వాల స్టేషనులో రైలెక్కిన ప్రయాణికుడు కృష్ణానదిని దాటి, వనపర్తి రోడ్డు, మహబూబునగరముల మీదుగా హైదరాబాదునకు పోవును. దారిలో అతడు తాను కూర్చుండు చోటును గూర్చియు, చేరవలసిన వేళను గూర్చియు తలంచును. తన పెట్టె క్రింది చక్రములను సరిచేసిన వారెవరు? బండిని నిలుపు బ్రేకులను పరీక్షించిన వారెవరు? ఆ ప్రశ్నలు అతనికి తోచవు. అట్టి పనివారి కొరకు వెలసిన పేటలలో సికింద్రాబాదు స్టేషనుకు తూర్పుననున్న లాలాగూడ ముఖ్యమైనది.

1874వ సంవత్సరమున వాడి నుండి సికింద్రాబాదు వరకు ఇనుపదారి పడెను. 1889 నాటికి ఆ దారి బెజవాడ వరకు సాగెను. దారి పెరిగిన కొలదియు ఇంజనులును పెట్టెలును పెరిగెను. వానితోపాటు మరమ్మతులును పెరిగెను. అందుచే నిజాము గ్యారంటీడు స్టేటు రైల్వేవారు 1893లో లాలాగూడ యందు పెద్ద వర్కుషాపును స్థాపించిరి.

యంత్రములను తెచ్చి నిలిపినంత మాత్రమున పని సాగదు. కమ్మరులు, వడ్రంగులు, ఫిట్టర్లు, బాయిలరు పనివారు, రంగులు వేయువారు కావలయును. నాడు నగరమున బస్సులు లేవు. తెల్లవారగనే పనిలో చేరవలసినవాడు దూరమున నివసింపజాలడు. కావున వర్కుషాపు చేరువనే క్వార్టర్లు వెలసెను. రైల్వే కాలనీలందు ఇంటి కొలత ఉద్యోగపు హోదాను బట్టి యుండెడిది. అధికారికి తోటతో కూడిన బంగళా. కూలికి వరుస ఇండ్లలో ఒక చిన్న ఇల్లు. ఆ పేటలో తెలుగువారు, తమిళులు, ఉర్దూ మాటాడువారు, ఆంగ్లో ఇండియనులు ఇరుగుపొరుగువారై మెలగిరి. పండుగలు వేరైనను, పనికి పోవు వేళ అందరికిని ఒక్కటే.

కాలము మారెను. 1930లో నిజాము ప్రభుత్వము రైల్వేను తన స్వాధీనము చేసికొనెను. 1951లో అది మధ్య రైల్వేలో కలిసెను. 1966 అక్టోబరు 2వ తేదీన సికింద్రాబాదు కేంద్రముగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడెను. పేర్లు మారినను వర్కుషాపు నిలిచెను. ఆవిరి ఇంజనులు మాత్రము నిలువలేదు. డీజిలు ఇంజనులును, విద్యుత్తు ఇంజనులును వచ్చెను. బాయిలరు పనిలో ఆరితేరిన చేతులు క్రొత్త విద్యను నేర్వవలసివచ్చెను. నేడు ఆ వర్కుషాపులో ప్రయాణికుల పెట్టెలను చక్రములపై నుండి పైకెత్తి, చక్రములను లేతు యంత్రముపై చెక్కి, బ్రేకులను పరీక్షించి, రంగువేసి పంపుదురు.

ఈ పేట జీవితమున ఒక కష్టము కలదు. క్వార్టరు ఉద్యోగముతో వచ్చును, ఉద్యోగముతో పోవును. ముప్పది యేండ్లు ఒక్క యింట కాపురముండి, పిల్లలను పెంచి, వాకిట వేపచెట్టును నాటినవాడైనను పదవీ విరమణానంతరము తాళపుచెవిని అప్పగింపవలసినదే. ఆ యింటికి మరియొక కుటుంబము వచ్చును; చెట్టు నీడ వారికి దక్కును. కనుకనే ముందుచూపుగల పనివాడు జీతములో కొంత మిగిల్చి, ఆ చుట్టుపట్లనే స్వంత గూడు కట్టుకొన యత్నించును. ఏండ్ల తరబడి కలిసి మెలగిన ఇరుగుపొరుగును విడిచిపోవుట అతనికి ఇష్టముండదు. రైల్వేవారు క్వార్టర్లను కట్టించిరి. వానిని పేటగా మార్చినది ఈ మమకారమే.

ఈసారి గద్వాలలోగాని, వనపర్తి రోడ్డులోగాని రైలు నిలిచినప్పుడు పెట్టె చివరి గోడను చూడుడు. ఆ పెట్టెను ఎచట బాగుచేసిరో, మరల ఎప్పుడు పంపవలయునో అచట వ్రాసియుండును. లాలాగూడలో బాగుపడిన పెట్టెపై ‘ఎల్.జి.డి.ఎస్.’ అను అక్షరములు కనిపించును. పనివాని పేరు అందు ఉండదు. అతడు తన పనిని శ్రద్ధగా చేసినందుననే మనము ఆ పెట్టెలో నిశ్చింతగా నిదురింపగలుగుచున్నాము.